ఏడో తడి

నిన్న సాయంత్రం మా ప్రోగ్రాం ఒక్క ఎర్రగీత కూడా లేకుండా కంపైల్ అయింది, ఆ సంతోషం ఇంకా అరికాళ్లలో ఆడుతూనే ఉంది, బస్సు పిడుగురాళ్ల దాటుతుంటే సున్నపు బట్టీల దుమ్ము కిటికీలోంచి వచ్చి నా నల్ల దుపట్టా మీద కూర్చుంటున్నా దులుపుకోవాలనిపించడం లేదు, కూర్చోనీ, ఇవాళ ఎవరేం చేసినా నాకు కోపం రాదు, ఇందాక నరసరావుపేట బస్టాండులో ఒకావిడ నా కాలు తొక్కి పైగా నన్నే కసురుకుంది, నవ్వాను, కండక్టరు ఆధార్ కార్డులో ఫొటో చూసి నా మొహం చూసి మళ్లీ ఫొటో చూసి సున్నా టికెట్ చేతిలో పెట్టాడు, దానికీ నవ్వాను, పిచ్చిదనుకొని ఉంటాడు. అనుకోనీ. ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది, ల్యాప్‌టాప్‌లో నేనూ ఫణీంద్రా కలిసి రాసుకున్న ఒకే ఒక్క ఇంటర్‌ఫేస్ ఉంది, ఇంకాసేపట్లో దుర్గిలో రైతు గోపాలకృష్ణయ్య, నేను బాబాయి అంటాను, ఆయన మిరపచేలో కరెంటు రాగానే మా డబ్బా దానంతటదే ఆలోచించుకొని మోటారు వెయ్యాలో వద్దో తేల్చుకుంటుంది, రైతు సంఘం వాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తారు, అది సరిగ్గా తేల్చుకుంటే సంఘంలో అందరి మోటార్లకూ మా డబ్బాలే, తేల్చుకోలేకపోతే ఎరువుల కొట్టు మీద మేం అద్దెకు తీసుకున్న గది ఖాళీ, ఫణీంద్ర సోమవారం హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిపోతాడు, నేను, నా సంగతి నేను ఆలోచించలేదు, ఆలోచించను, ఎందుకంటే అది తేల్చుకుంటుంది, నిన్న కంపైల్ అయింది కదా.

మా కంపెనీ అంటే మేమిద్దరమే. ఫణీంద్రది రాజుపాలెం, వ్యవసాయం చేసే ఇల్లు. నాది మాచర్ల, మా అబ్బాజాన్‌కి బస్టాండు వెనక లేతు షాపు. ఆఫీసులో ఉండే సర్వర్ ఫణీంద్రది, ఏ చేను ఎవరిది, ఏ పంట, ఎంత నీళ్లు, చేలో పాతిన కడ్డీ కొలిచి పంపే చెమ్మ, అన్నీ అందులో ఉంటాయి, చేలో మోటారు పక్కన గోడకు బిగించే డబ్బా నాది, అది సెల్‌ఫోనులాగా సిమ్ పెట్టుకొని సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ చెబుతుంది, అడిగేది క్లయింట్, చెప్పేది సర్వర్, అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ అడిగేదాన్ని నేనొక చోట కూర్చొని రాస్తాను, చెప్పేదాన్ని తనొక చోట కూర్చొని రాస్తాడు, నేను చేను అని రాసి అడిగితే తను చేలు అని రాసి పెట్టుకొని అలాంటిదేదీ నా దగ్గర లేదు పొమ్మంటాడు, ఒక్క అక్షరం, ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకోవడానికి రోజంతా పోయేది, అప్పటిదాకా నా వైపు అంతా బాగానే ఉంటుంది, తన వైపూ బాగానే ఉంటుంది, రెండూ కలిపి నడిపించాక గాని తప్పు బయటపడదు, బయటపడ్డాక ఎవరిది తప్పు అని ఇంకో పూట. అబ్బాజాన్ షాపులో బోల్టు ఒకరు చేసినా నట్టు ఇంకొకరు చేసినా రెండూ బిగుసుకుంటాయి, ఎందుకంటే గోడకు వేలాడే గేజి ఒకటే, ఇద్దరూ దాంతోనే మరలు చూసుకుంటారు. మనకూ గోడకు ఒక గేజి ఉండాలి అన్నాను ఒకరోజు, ఏమేం అడగొచ్చో, ఏమిస్తే ఏమొస్తుందో ఆ పేర్లన్నీ ఒకే జావా ఇంటర్‌ఫేస్‌లో రాద్దాం, లోపల పనేమీ ఉండదు, ఒట్టి ఒప్పుకోలు, ఆ ఒక్క ఫైలునే నీ సర్వర్లోనూ పెట్టుకో, నా డబ్బాలోనూ పెట్టుకుంటాను, ఇక నువ్వు పేరు మారిస్తే నా వైపు కంపైల్ కాదు, నేను మారిస్తే నీ వైపు కాదు, తప్పు అక్కడికక్కడే ఎర్రగీతై కూర్చుంటుంది, చేలోదాకా పోదు.

ఫణీంద్రకు నచ్చలేదు. “సర్వర్లు మాట్లాడుకునే రెస్ట్ పద్ధతంటేనే ఎవరి ఇల్లు వాళ్లది గౌసియా, మధ్యలో మాటలే. నువ్వేమో ఉమ్మడి కాపురం పెట్టిస్తున్నావు. ఒకరు దగ్గితే ఇంకొకరికి జ్వరం” అన్నాడు. “రానీ, జ్వరమొస్తే తెలుస్తుందిగా” అన్నాను. “రేపు జావా రానోడు వచ్చి అడిగితే?” అన్నాడు. “వాడొచ్చినప్పుడు వాడికో కుర్చీ వేద్దాం” అన్నాను. అలా ఎన్ని రోజులు వాదించుకున్నామో, టీకొట్టు దగ్గర వాదించుకున్నాం, మెట్ల మీద వాదించుకున్నాం, మెట్ల మీద ఎందుకంటే ఆ గది తాళానికి ఒకటే చెవి, ఇంటివాళ్లు ఒకటే ఇచ్చారు, అది ఎవరి దగ్గరుంటే వాళ్లొచ్చేదాకా రెండోవాళ్లు మెట్ల మీద పడిగాపులు. చివరికి ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నాక నాకంటే శ్రద్ధగా రాశాడు, అది ఫణీంద్ర గుణం, నిన్న సాయంత్రం నేను రోజా ఉపవాసం విప్పే వేళకు రెండు వైపులా కంపైల్ అయింది, మొదటిసారే, ఇద్దరం తెరల వంక చూస్తూ కూర్చున్నాం, తను ఖర్జూరాల పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు, నేను ఒకటి నోట్లో వేసుకుంటుంటే తాళంచెవి తీసి పొట్లం పక్కన పెట్టాడు. “ఇది నీ దగ్గరే ఉంచు, నాకింక పని పడదేమో” అన్నాడు. అంత సంతోషంలో ఆ మాట ఎందుకనాలి మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఖర్జూరం గింజ బుగ్గన పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. పడుతుంది నాయనా, పని పడుతుంది, రేపు కరెంటు రానీ, చూడు, అని మనసులో అనుకున్నాను, ఆ రేపు ఇవాళే.

రైతుల మాటే వాడదాం అన్నది కూడా నేనే. ఇంగ్లీషు ముక్కలు వద్దు, డబ్బా మీద కనపడేది తెలుగు, లోపల పేర్లూ తెలుగువే పెడదాం, చేను, పంట, తడి. తడి అనగానే ఇద్దరం ఒకేసారి తలూపాం, ఒక్క మాటకు కూడా అలా ఒకేసారి తలూపిన పాపాన పోలేదు అంతకుముందు. ఎంత ముద్దుగా ఉంటుందో ఆ మాట, రెండక్షరాలు, ఈ చేనుకు తడి ఎంత అని నా డబ్బా అడిగితే సర్వర్ ఒక అంకె ఇస్తుంది, ముప్ఫైకి తక్కువైతే మోటారు వెయ్యి, ఎక్కువైతే ఊరుకో, నా డబ్బాకు ఆ మాత్రం తెలివి చాలు. నిన్న ఉత్తుత్తి చేను ఒకటి పెట్టి అందులో యాభై వేసి చూశాం, ఊరుకుంది, పది వేసి చూశాం, బల్ల మీద బల్బు వెలిగింది, నేను చప్పట్లు కొట్టాను. ఇప్పుడు తల్చుకున్నా కొట్టాలనిపిస్తుంది. బస్సు మలుపు తిరిగింది, రెండు వైపులా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, కంటికి ఆనినంత మేరా ఎరుపే, ఘాటు లోపలికొచ్చి బస్సు మొత్తం ఒక్కసారిగా దగ్గింది, డ్రైవరు కూడా దగ్గాడు, నా గొంతు తడారిపోయింది, పక్కనావిడ సీసా మూత తీసి నావైపు పెట్టింది, “రోజా అక్కా” అన్నాను, “అయ్యో, మర్చిపోయా తల్లీ” అని తను కూడా తాగకుండా మూత పెట్టేసింది. మీరు తాగండక్కా అన్నా తాగలేదు. కారంపూడి ఆస్పత్రిలో నర్సంట, సుకన్య, ఎక్కినప్పుడే చెప్పింది, నా ల్యాప్‌టాప్ వంక చూసి పరీక్షలా అమ్మా అని అడిగింది, అలాంటిదే అన్నాను. బాబాయి కల్లం కూడా ఇలాగే ఉంటుంది, మొన్న వెళ్లినప్పుడు చూశాను, ఆఖరి కోత కాయ మోటారు గొట్టం పక్కనే ఆరబోశాడు, నీళ్లు పోయే కాలువ దాన్ని ఒరుసుకొని పోతుంది, ఇంక నీళ్లు పెట్టే పని లేదులే అని అక్కడే పోశాడంట, ఎర్రటి ఎరుపు, ఇంటర్‌ఫేస్‌లో ఎర్రగీతలు గుర్తొచ్చాయి, మా రంగూ వాళ్ల రంగూ ఒకటే.

సుకన్యక్క ఫోను మోగింది. ఎత్తడం ఎత్తడమే ఎవరినో దులిపేయడం మొదలుపెట్టింది, వాళ్లాయనే అయి ఉంటాడు, ఆ చనువు అలాంటిది, బస్సులో సగం మంది మాటలాపి వింటున్నారు, నేనూ వింటున్నాను, వినకుండా ఎలా ఉంటాను. “ఏడో తడి పెట్టావా లేదా? ఆరుతోనే ఆపేశావా? ఏడో తడి పెట్టమని చెప్పి వచ్చానా లేదా నేను?” అంటోంది.

ఏడో తడి. నవ్వొచ్చింది, తడి ఏడోది ఎలా ఉంటుంది, ఆరో చెమట, ఏడో తడి, తడి అంటే తలస్నానం చేసిన జుట్టు, పిండీ పిండని బట్ట, కంటతడి, ఇందాక తడారిన నా గొంతు, వాటికి ఒకటోదీ రెండోదీ ఉంటాయా, ఇంట్లో అమ్మీ గీలా అంటుంది, గీలా కపడా, బయట తెలుగులో తడిబట్ట, నాకు తడి అంటే అదే, స్కూల్లో నేర్చుకున్నదీ వీధిలో విన్నదీ అదే, మరి ఏడో తడి ఏమిటి. నవ్వు మధ్యలో ఆగిపోయింది. లోపల ఎక్కడో చిన్న మరమేకు వదులైన చప్పుడు.

“అక్కా, ఏడో తడి అంటే ఏంది?” అన్నాను ఆమె ఫోను పెట్టేయగానే.

“తడి అంటే తడేనమ్మా. చేనుకు నీళ్లు పెట్టడం. ఒకసారి పెడితే ఒక తడి. ఏ ఊరు మీది?”

“మాచర్ల.”

“మాచర్ల పిల్లవై ఉండి తడి తెలీదా?”

“మాది లేతు షాపక్కా. మాకు తడంటే తడిసిన తడే. మరి నేలలో ఉండే చెమ్మనేమంటారు?”

“పదును అంటారు. పదునుందా లేదా చూసుకొనే కదా తడి పెట్టేది. మా ఆయన చూడడు, అది వేరే సంగతి.”

ఫణీంద్రది రాజుపాలెం. వ్యవసాయం చేసే ఇల్లు. ఇద్దరం ఒకేసారి తలూపాం. నా తలలో ఒక తడి, తన తలలో ఒక తడి, రెండూ ఒకే పేరు పెట్టుకొని ఒకే ఫైల్లో కూర్చున్నాయి, అంకె ఇస్తానన్నాడు, అంకె తీసుకుంటానన్నాను, కంపైలర్‌కి ఏం తెలుసు, అంకె అంకే, బోల్టు నట్టులో చక్కగా తిరిగింది, తిరిగి తిరిగి ఇంకెవరి ఇంట్లోనో బిగుసుకుంది. యాభై వేసినా పది వేసినా నిన్న తెలియలేదు, ఎందుకంటే ఆ అంకెలు వేసింది నేను. బాబాయి చేనుకు వేసేది ఫణీంద్ర. బాబాయికి ఫోను చేశాను, మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు, కల్లంలో కాయ తిరగేస్తూ ఉంటాడు, ఫోను చొక్కా జేబులో, చొక్కా ఏ కంచె మీదో. ఫణీంద్రకు చేశాను.

“ఫణీ, తడి అంటే ఏంది నీకు?”

“తడి అంటే నీళ్లు పెట్టడం. ఎన్నిసార్లు పెట్టామనేది. అదేగా మనం రాసింది, ఎందుకు?”

“బాబాయి చేనుకు ఎంతుంది?”

“ఏడు. ఆఖరి తడి పెట్టామని ఆయన చెప్పగానే ఏడు చేశా.”

“నాకు తడంటే చెమ్మ.”

అవతల ఎరువుల కొట్టు ముందు ఆటో హారన్ వినపడింది. “అయితే ఏడు శాతం అనుకుంటుందా డబ్బా?” అన్నాడు నెమ్మదిగా.

“అనుకొని కరెంటు రాగానే మోటారు వేసేస్తుంది. నీళ్లు కల్లంలోకి పోతాయి.”

“సర్వర్ ఆపేస్తున్నా.”

“ఆగు.”

ఎందుకు ఆగమన్నానో నాకే వెంటనే తెలియలేదు, నోరు ముందు, బుర్ర వెనక, ఎప్పుడూ నాకదే. సర్వర్ ఆపితే కాయకు భయం లేదు, సర్వర్ పలక్కపోతే డబ్బా మోటారు వెయ్యదు, అది నేను మొదటే రాసిపెట్టాను, కానీ డబ్బా మీద సర్వర్ లేదు అని పడుతుంది, సంఘం వాళ్లు అది చదివి ఓహో ఇది ఇంతేనా అని ఎవరి చేలకు వాళ్లు పోతారు, ఫణీంద్ర హైదరాబాద్ బస్సెక్కుతాడు, తాళంచెవి నా బ్యాగులో ఉండిపోతుంది. “చూశావా, ఒకే ఫైలు పెట్టుకున్నాం, అయినా ఇదే అయింది” అంటున్నాడు తను, వెక్కిరింపు కాదు, దిగులు. దిగులు పడడానికి ఏముంది, నాకైతే గుండె రెట్టింపు కొట్టుకుంటోంది, భయంతో కాదు, అల్లా సాక్షిగా భయంతో కాదు, కనపడిపోయింది నాకు, మొత్తం కనపడిపోయింది. “దాని తప్పు కాదు ఫణీ, మనం దానికి అంకె అని చెప్పాం, అది అంకే అనుకుంది. అంకె అని చెప్పొద్దు ఇక. తడి ఒక రకం, నేలపదును ఒక రకం, ఒకదాని చోట ఇంకోటి పెడితే కంపైలర్ ఒప్పుకోకూడదు. ఇంటర్‌ఫేస్ నేను మారుస్తున్నా, నీ వైపు పగిలిపోతుంది, పగలనీ. కరెంటు వచ్చేలోపు కాలేదంటే అప్పుడు ఆపేయ్, కాయ తడవకూడదు.” “పదును...” అన్నాడు ఫణీంద్ర, ఆ మాట నా నోట విని ఆశ్చర్యపోయినట్టున్నాడు. “సరే, కానీ” అన్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచాను, ఫోను నెట్ కలిపాను, బస్సు గుంతల్లో ఊగుతోంది, ఒక అక్షరం కొడితే రెండు పడుతున్నాయి, సుకన్యక్క తన మోచేయి నా ల్యాప్‌టాప్ అంచుకు ఆనించి కదలకుండా పట్టుకుంది, ఏంటని అడగలేదు, నర్సు కదా, ఎవరికైనా చెయ్యి పట్టుకోవడం అలవాటు. పదును అని కొట్టబోయి ఆగాను. పదును అంటే మా ఇంట్లో కత్తి, బక్రీదు ముందు రోజు అబ్బాజాన్ సానరాయి మీద పెట్టేది, లేతు మీద ఉలికి పెట్టేది, ఇదివరకే ఫణీంద్ర పదును అని పేరు పెట్టి ఉంటే నేను చేలో కత్తులెందుకనుకునేదాన్నేమో, నవ్వొచ్చింది, ఒంటరిగా నవ్వుకున్నాను, ఒక్క మాటకు ఇన్ని ఇళ్లుంటాయా, నేలపదును అని కొట్టాను, నేల అని ముందు పెడితే ఇంక ఏ ఇంట్లోనూ కత్తి కాదు. చేలో పాతిన కడ్డీ పంపే చెమ్మ ఫణీంద్ర దగ్గర వేరే చోట ఊరికే పడి ఉంది, దాన్ని నేలపదునుగా ఇవ్వు, తడిని ఎన్నోసారి అని ఇవ్వు, రెండూ వేరు, రెండూ ఒకే ఇంటర్‌ఫేస్‌లో, రెండు వైపులా అదే. సేవ్ కొట్టాను. ఎర్రబడింది. ఎంత బాగా ఎర్రబడిందని, పై నుంచి కింది దాకా, కల్లం ఆరబోసినట్టు, ముప్ఫైకి తక్కువా అని చూసే చోట ఎర్రగీత, తెర మీద చూపించే చోట ఎర్రగీత, నిన్న నేను ఒక్కటీ లేదని ఖర్జూరం తిన్నానే, నిన్న ఉండాల్సినవే ఇవన్నీ, నోరు లేక ఊరుకున్నాయి, ఇవాళ నోరిచ్చాను, ఒక్కొక్కటే అరిచి చెబుతున్నాయి, ఇదిగో ఇక్కడ నువ్వు తనను అపార్థం చేసుకున్నావు, ఇదిగో ఇక్కడ కూడా.

ఒక గీత దగ్గర ఆగిపోయాను. మోటారు ఆగాక తడికి ఒకటి కలపాలని నేనే రాశాను ఎప్పుడో, ఫణీంద్ర కలపమంటే కలిపాను, చెమ్మకు ఒకటి ఎందుకు కలపాలో అర్థం కాలేదు, పెద్ద తెలివైనవాడు, ఏదో లెక్క ఉండి ఉంటుందని ఊరుకున్నాను. అడగొచ్చుగా. అడగలేదు. ఫోను మోగింది, ఫణీంద్ర గొంతులో నవ్వుంది, “నాదంతా ఎర్రబడింది గౌసియా, చానా చోట్ల. ఇక్కడొకచోట చూడు, నేనే తడిని చెమ్మగా వాడా. నువ్వు తడి తగ్గింది, తడి పెరిగింది అంటుంటే విని విని రాసేశా, రాసేటప్పుడు ఇదేందబ్బా అనుకున్నా.” నేను నా ఒకటి కలపడం గురించి చెప్పాను. ఇద్దరం పగలబడి నవ్వాం, బస్సులో ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. నా భాషలో తను ఒక వాక్యం, తన భాషలో నేను ఒక వాక్యం, అర్థం కాకపోయినా మర్యాదకు రాసుకున్నాం, ఉమ్మడి కాపురం అంటే ఇదేనేమో, మా ఇంట్లో అమ్మీ కూడా అబ్బాజాన్ చెప్పే లేతు కబుర్లకు ఇలాగే ఊ కొడుతుంది.

కారంపూడి వచ్చింది. సుకన్యక్క లేచి బ్యాగు తగిలించుకుంది, నా ల్యాప్‌టాప్ వదలడానికి ఒక క్షణం తటపటాయించింది. “పాసైనట్టేనా?” అంది. “ఇంకా తెలీదక్కా.” “అవుతావులే. ఎర్రగా ఉన్నయ్యన్నీ పోయినయ్యిగా” అని దిగిపోయింది, నిజమే, చివరి గీత కూడా పోయింది, నేను చూసుకోలేదు, తను చూసింది. థాంక్సైనా చెప్పలేదు, కిటికీలోంచి పిలిచేలోపు బస్సు కదిలింది. నా వైపు కంపైల్ అయింది. తన వైపూ అయిందని ఫణీంద్ర మెసేజ్ పెట్టాడు. ఇక దుర్గిలో గోడ మీద ఉన్న డబ్బా సిగ్నల్ దొరికినప్పుడు ఆఫీసును అడిగి కొత్త ప్రోగ్రాం దించుకోవాలి, అది దాని ఇష్టం, దానికి బుద్ధి పుట్టినప్పుడు, ఇంకా దించుకోలేదు, ఇంకా లేదు, అని ఫణీంద్ర మెసేజ్ మీద మెసేజ్, తర్వాత అవీ ఆగిపోయాయి, నా ఫోనులో సిగ్నల్ లేదు, ఒక్క గీత కూడా లేదు. ఎర్రగీతలు పోయాయని సంతోషిస్తే ఈ గీతలు కూడా పోయాయి. దించుకో నాయనా, నీకు దణ్ణం పెడతా, ఎన్ని రోజులు నీతో మాట్లాడాను, నీకు పేరు పెట్టుకోలేదు గాని నిన్ను పసిపిల్లలా చూసుకున్నాను, ఈ ఒక్కసారి మాట విను.

దుర్గి మొదట్లో బస్సు ఆగింది. రాయి దించుతున్న లారీ రోడ్డుకు అడ్డం నిలబడింది, శిల్పుల కొట్ల ముందు సగం చెక్కిన నందులు, మొహం రాని విగ్రహాలు వరసగా ఎండలో నిలబడి ఉన్నాయి, ఒకాయన గట్టు మీద కూర్చొని ఉలికి పదును పెడుతున్నాడు, చర్రు చర్రు మని, ఇదీ పదునే, నా పదును, ఇందాక నేల అని ముందు పెట్టకపోతే ఏమయ్యేదో అనుకుంటూ తల అవతలి కిటికీ వైపు తిప్పాను, అక్కడ చేలో బోరు గొట్టం ఒక్కసారి దగ్గింది, ఎర్రమట్టి నీళ్లు ఉమ్మింది, మళ్లీ దగ్గింది, తెల్లటి నీళ్లు దబదబా పడ్డాయి. దాని పక్క చేలో ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. కరెంటు వచ్చేసింది. దుర్గి చేలన్నిటికీ ఒకేసారి వస్తుంది. ఫణీంద్రకు కొట్టాను, పోవడం లేదు, మళ్లీ కొట్టాను, పోవడం లేదు, డబ్బా దించుకుందా, దించుకోకముందే తను సర్వర్ ఆపేశాడా, ఆపేలోపే అది ఏడు చూసి వేసేసిందా, కల్లంలోకి నీళ్లు పోతున్నాయా ఇప్పుడు, బాబాయి గోచీ బిగించి అడ్డం పడుతున్నాడా, ఆఖరి కోత కాయ, ఏడాది కష్టం, నేను పెట్టిన ముద్దు పేరు, రెండక్షరాలు, అల్లా. లేచి నిలబడ్డాను, దిగి పరిగెత్తుదామని, ఎక్కడికి పరిగెత్తుతాను, చేను ఊరవతల. సిగ్నల్ ఒక్క గీత వచ్చింది, ఫోను చేతిలో మోగింది. బాబాయి.

“ఏమ్మా గౌసియా, ఏడున్నావు? కరెంటొచ్చింది. అందరి మోటార్లూ తిరుగుతున్నయ్యి, మనది తిరగలా. సంఘం వాళ్లంతా నా మొహం చూస్తన్నారు.”

తిరగలేదు. తిరగలేదంటే రెండే, సర్వర్ ఆగిపోవడం గాని, లేదా. “బాబాయ్, డబ్బా మీద ఏం రాసుందో చదవండి.” “ఉండు, కళ్లజోడు” అన్నాడు, ఎవరినో పిలిచాడు, ఎవరో ఏదో అందించారు, సర్వర్ అనే మాట ఎక్కడ వినపడుతుందోనని చెవి ఫోనుకు అదిమిపెట్టుకొని నిలబడ్డాను, లారీవాడు రాయి కింద పెట్టిన చప్పుడుకు నేల అదిరింది. “పెట్టిన తడి, ఏడు” అని చదివాడు బాబాయి కూడబలుక్కుంటూ. “నేలపదును, నలభై రెండు. నీళ్లు అక్కర్లేదు.” “అక్కర్లేదంటయ్యా” అన్నాడు పక్కకు తిరిగి, “పదునుందంట, అందుకని వెయ్యలేదంట.” వెనక ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో నవ్వారు, వెక్కిరింపు నవ్వు కాదు, నాకు తెలుసు ఆ నవ్వు. “ఉందిలే,” అన్నాడు బాబాయి మళ్లీ ఫోనులో, “పొద్దున నేనూ మట్టి పిసికి చూశా. మా మాట దీనికెవరు నేర్పారమ్మా?”

“బస్సులో ఒకక్క, బాబాయ్.”

“బస్సులోనా? సరేలే, ముందు నువ్వు రా. మన సంఘంలో యల్లమంద తన చేనుకీ బిగించమని గొడవ చేస్తన్నాడు.”

ఫోను పెట్టేశాను, కళ్లు తడయ్యాయి, నా తడి, ఏడోది కాదు, ఎన్నోదో లెక్క లేని తడి. లారీ పక్కకు తప్పుకుంది, బస్సు కదిలి ఊళ్లోకి వచ్చింది, అందరి చేలల్లో నీళ్లు దూకుతున్నాయి, ఒక్క మా మోటారు మాత్రం నోరు మూసుకొని కూర్చుంది, అంత చక్కగా ఊరుకున్న యంత్రాన్ని నేనింతవరకు చూడలేదు. దిగే మెట్టు మీద ఉండగా ఫోను మళ్లీ కదిలింది, నెట్ కూడా వచ్చి ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒకేసారి పడుతున్నాయి, ఇంకా దించుకోలేదు, ఇంకా లేదు, దించుకుంది, దించుకుంది గౌసియా, అన్నిటికన్నా కింద ఇప్పుడే పెట్టినది. “రాత్రికి మాచర్ల పోతావుగా. మీ నాన్నతో ఇంకో తాళంచెవి చేయించు. అదే అచ్చుతో. సోమవారం నుంచి నేను మెట్ల మీద కూర్చోను.” కండక్టరు దిగమ్మా దిగు అంటున్నాడు. దిగి, రోడ్డు పక్కన నిలబడి, బ్యాగులో చెయ్యి పెట్టి తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాను. ఉంది.